కేటలాగులో ‘కచ్చితంగా సరిపోలేవి’ అనే ఎంపికను ఉంచాలా, తీసేయాలా?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ గ్రంథాలయ కేటలాగులోని అడ్వాన్స్‌డ్ సెర్చ్ పేజీలో ప్రతి పెట్టె పక్కన ఒక డ్రాప్‌డౌన్ ఉంది. అందులో ‘ఈ పదాలు ఉన్నవి’, ‘ఈ పదబంధం ఉన్నవి’, ‘దీనితో మొదలయ్యేవి’, ‘కచ్చితంగా సరిపోలేవి’ అని నాలుగు ఎంపికలున్నాయి. నాలుగోదాన్ని ఎంచుకున్నవారికి అరలో కళ్ళెదుటే ఉన్న పుస్తకానికి కూడా ‘ఫలితాలు లేవు’ అని వస్తోంది. కౌంటర్లో కూర్చునేవారు దాన్ని తీసేయమంటున్నారు, కేటలాగింగ్ చేసేవారు అది లేకపోతే తమ పని నడవదంటున్నారు.

నా సమాధానం ముందే చెబుతాను: దాన్ని తీసేయకండి, కాని ఇప్పుడున్న రూపంలో పాఠకుల ముందు ఉంచకండి. పద్దెనిమిదేళ్ళుగా కేటలాగింగ్‌లోను, ఆ తర్వాత గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ అమర్చే పనిలోను ఉన్నాను. ఈ తగువును నాలుగైదు చోట్ల దగ్గరనుంచి చూశాను. ప్రతిచోటా రెండు పక్షాలవారూ నిజమే చెబుతారు, ఎందుకంటే ‘కచ్చితంగా’ అనే ఒకే మాటను వాళ్ళు రెండు వేరువేరు అర్థాల్లో వాడుతుంటారు.

పాఠకుడి దృష్టిలో ‘కచ్చితంగా’ అంటే ‘నాకు కావలసింది ఈ పుస్తకమే, ఇలాంటిది మరొకటి కాదు’ అని. సాఫ్ట్‌వేర్ దృష్టిలో మాత్రం ‘నువ్వు టైపు చేసిన అక్షరాల వరుస, ఇండెక్సులో, అంటే వెతకడం కోసం తయారుచేసుకున్న సూచికలో, ఈ ఫీల్డుకు (శీర్షిక, రచయిత వంటి ఒక గడికి) నిలవచేసిన మొత్తం అక్షరాల వరుసతో మొదటి నుంచి చివరి దాకా ఒకటిగా ఉండాలి’ అని. ‘నీరు’ అనే పేరున్న ఒక పుస్తకాన్ని ఊహించుకోండి. అట్ట మీద పెద్ద అక్షరాలతో ‘నీరు’ అనీ, దాని కింద చిన్న అక్షరాలతో ‘నిల్వ పద్ధతులు’ అనీ ఉంటుంది. పాఠకుడికి ఆ పుస్తకం పేరు ‘నీరు’. గ్రంథాలయాలు పుస్తక వివరాలు నమోదు చేసే ప్రామాణిక నమూనా అయిన మార్క్ 21 రికార్డులో అదే పుస్తకం, శీర్షికకు కేటాయించిన 245వ ఫీల్డులో, సబ్‌ఫీల్డులు అనే చిన్న భాగాలుగా విడిపోయి, ‘ఎ’ సబ్‌ఫీల్డు కింద ‘నీరు’, ఖాళీ, కోలన్. ‘బి’ సబ్‌ఫీల్డు కింద ‘నిల్వ పద్ధతులు’, ఖాళీ, ఏటవాలు గీత (/). ‘సి’ సబ్‌ఫీల్డు కింద రచయిత పేరు, చివర ఒక చుక్క, ఈ విధంగా చేరుతుంది. మీ ఇండెక్సు మొత్తం ఫీల్డును ఒకే అక్షరాల వరుసగా తీసుకుంటే, ‘నీరు’ అని కచ్చితంగా వెతికినవాడికి ఆ పుస్తకం ఎప్పటికీ దొరకదు. సాఫ్ట్‌వేర్ తప్పు చేయలేదు, అడిగిన ప్రశ్నకే జవాబిచ్చింది. ఆ ప్రశ్న అడుగుతున్నట్టు పాఠకుడికి తెలియకపోవడమే ఇక్కడి చిక్కు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. గ్రంథాలయ వ్యవస్థలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి రూపొందిన జెడ్39.50 ప్రమాణంలో, ‘బిబ్-1’ అనే లక్షణాల పట్టికలో, ‘కచ్చితం’ అనే ఒకే మీట లేదు. వెతికే మాట ఫీల్డు మొదట్లోనే ఉండాలా, ఎక్కడైనా ఉండవచ్చా అన్నది ఒక లక్షణం. దాన్ని పదంగా చూడాలా, పదబంధంగా చూడాలా అన్నది మరొకటి. చివర కత్తిరించి వెతకాలా, వద్దా అన్నది ఇంకొకటి. సరిపోలిక సబ్‌ఫీల్డులో కొంత భాగానికి చాలా, పూర్తి సబ్‌ఫీల్డుకా, పూర్తి ఫీల్డుకా అన్నది వేరే లక్షణం, వాటికి వరుసగా 1, 2, 3 అనే విలువలు. ఆ పట్టిక రాసినవారు విడివిడిగా పెట్టిన నాలుగు నిర్ణయాలను మన డ్రాప్‌డౌన్ ఒక్క మాటలో మూటకట్టి పాఠకుడి చేతికిస్తోంది. కాబట్టి మీరు మొదట తేల్చుకోవలసింది, మీ సాఫ్ట్‌వేర్ ఆ నాలుగింటికీ ఏ విలువలు పంపుతోందన్న సంగతి. చాలాచోట్ల దీనికి జవాబు సాఫ్ట్‌వేర్ అమర్చినవారికి కూడా వెంటనే తెలియదు. అడిగి, పరీక్షించి చూడాలి.

సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఇది ఎంత మారుతుందో చూడండి. ఎవర్‌గ్రీన్, కోహా గ్రంథాలయాలను నడిపే సాఫ్ట్‌వేర్లు; జీబ్రా, ఎలాస్టిక్‌సెర్చ్ తెర వెనక వెతికిపెట్టే ఇంజిన్లు. ఎవర్‌గ్రీన్‌లో కొటేషన్ గుర్తుల మధ్య మొదట ^ గుర్తు, చివర $ గుర్తు పెడితే ఫీల్డు మొదలు, ముగింపు రెండూ బిగుసుకుంటాయి. డ్రాప్‌డౌన్లోని ఎంపిక ఆ గుర్తులు తెలియనివారికి అదే పని చేసిపెట్టడానికి ఉంది. కోహాలో జీబ్రా ఇంజిన్ వాడుతుంటే పదాలకు, పదబంధాలకు వేరువేరు రిజిస్టర్లు (ఇండెక్సు భాగాలు) ఉంటాయి. ఏదైనా ఫీల్డును పదబంధాల రిజిస్టరులో చేర్చకపోతే, తెర మీద ఎంపిక ఎంత అందంగా కనబడినా దానికి సమాధానం చెప్పే ఇండెక్సే ఉండదు. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ‘టెక్స్ట్’ రకం ఫీల్డు పదాలుగా విరిగి నిలవుంటుంది, ‘కీవర్డ్’ రకం ఫీల్డు మొత్తంగా నిలవుంటుంది. కచ్చితమైన సరిపోలిక రెండోదాని మీదే నడవాలి, ఆ రెండోదానికి నార్మలైజర్ (అక్షరాలను ఒకే మూసలోకి తెచ్చే నియమం) జతచేయకపోతే పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాకే వెతుకులాట విఫలమవుతుంది. కేటలాగులను ప్రశ్నించడానికి వాడే సీక్యూఎల్ భాషలో ఒక సమాన గుర్తుకు అర్థం సర్వర్ ఇష్టం, రెండు సమాన గుర్తులకు మాత్రమే అసలైన సమానత్వం. ఇన్ని తేడాలున్నచోట, ఒక గ్రంథాలయం అనుభవాన్ని మరో గ్రంథాలయానికి ఉన్నదున్నట్టు అతికించడం ప్రమాదం. నేను చెప్పేదాన్ని కూడా మీ రికార్డుల మీద పరీక్షించాకే నమ్మండి.

ఇప్పుడు అసలు మరమ్మతు సంగతికి వస్తాను. ఇలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం తెర మీద మాటలు మార్చితే పోయేవి కావు, ఇండెక్సులో సరిచేస్తే పోయేవి. పోల్చడానికి ముందు రెండువైపుల అక్షరాలను, అంటే నిలవలో ఉన్నవాటినీ పాఠకుడు టైపు చేసినవాటినీ, ఒకే మూసలోకి తేవాలి. దీన్నే నార్మలైజేషన్ అంటారు. చుక్కలు, కోలన్లు, ఏటవాలు గీతలు, వరుసగా పడిన రెండు ఖాళీలు, శీర్షిక చివరి విరామచిహ్నం, ఇవేవీ సరిపోలికను చెడగొట్టకూడదు. ఆంగ్ల శీర్షికల ముందు వచ్చే ‘ది’, ‘ఎ’, ‘యాన్’ వంటి ఉపపదాల కోసం 245వ ఫీల్డులోని రెండో ఇండికేటరు, అంటే మొదట్లో ఎన్ని అక్షరాలు వదిలేయాలో చెప్పే అంకె, ఉంది. ‘ది’ (The)తో మొదలయ్యే శీర్షికకు, ఆంగ్లంలోని మూడక్షరాలకు ఒక ఖాళీ కలిపి, అక్కడ 4 అని ఉండాలి. పాత రికార్డుల్లో అది 0 అని మిగిలిపోయి ఉంటే ‘దీనితో మొదలయ్యేవి’, ‘కచ్చితంగా సరిపోలేవి’ రెండూ దెబ్బతింటాయి. నేను చూసినంతలో, ‘ఈ ఎంపిక పనిచేయడం లేదు’ అని వచ్చిన ఫిర్యాదుల వెనక ఈ ఒక్క అంకె చాలాసార్లు దాక్కుని ఉంది.

తెలుగు శీర్షికల్లో మరో రకం చిక్కు ఉంది, అది కంటికి కనబడదు. ఒకచోట ఇద్దరు కేటలాగర్లు ఒకే శీర్షికను రెండు సంపుటాలకు విడివిడిగా నమోదు చేశారు. శీర్షిక చివరి పదం ‘కంప్యూటర్’. తెర మీద రెండూ అక్షరం అక్షరం ఒకటే. కచ్చితంగా వెతికితే ఒక సంపుటమే దొరికేది, రెండోది లేదనేది. ఆ రెండు శీర్షికలను అక్షరాల సంకేత సంఖ్యలు చూపించే పరికరంలో వేసి చూస్తే తేలింది: ఒక కేటలాగరు వాడిన కీబోర్డు, పదం చివర పొల్లు వచ్చినప్పుడల్లా దాని వెనక ఒక అదృశ్య గుర్తును, యూనికోడ్ పట్టికలో 200సి స్థానంలో ఉన్న ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ను, తనంతట తానే చేరుస్తోంది. పదం మధ్యలో వస్తే ఆ గుర్తు ప్రభావం కనబడుతుంది. ‘సాఫ్ట్‌వేర్’లో ట, వ విడిగా నిలబడడానికీ, ‘సాఫ్ట్వేర్’లో వ ఒత్తుగా మారడానికీ తేడా అదే. పదం చివర మాత్రం అది ఉన్నా లేకపోయినా చూపుకు ఒకటే. ఇండెక్సు చేసేటప్పుడు, వెతికేటప్పుడు రెండుసార్లూ దాన్ని తొలగించమని ఒక నియమం చేర్చి, రికార్డులన్నిటినీ మళ్ళీ ఇండెక్సు చేశాక ఆ రెండు సంపుటాలూ కలిసి వచ్చాయి. ఐత్వం సంగతీ ఇలాంటిదే: దాన్ని ఒకే సంకేతంగా నిలవచేయవచ్చు, ఎత్వం గుర్తూ ఐత్వపు పొడిగింపు గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ నిలవచేయవచ్చు. యూనికోడ్ ప్రకారం రెండూ సమానమే, ఎన్‌ఎఫ్‌సి అనే ప్రామాణిక రూపంలోకి మార్చితే రెండూ ఒకటవుతాయి. మార్చకపోతే సాఫ్ట్‌వేర్‌కు అవి వేరు మాటలు.

అయితే ఈ సవరణ ఎక్కడ ఆగాలో కూడా ముందే అనుకోవాలి. ‘గ్రంథాలయం’ అని ఒత్తు థతో రాసేవారూ, ‘గ్రంధాలయం’ అని ఒత్తు ధతో రాసేవారూ ఉన్నారు. ‘సేవల విభాగం’ అని విడదీసేవారూ, కలిపి రాసేవారూ ఉన్నారు. ఈ తేడాలను కూడా కచ్చితమైన వెతుకులాటలో కలిపేయమని అడుగుతారు. నేను వద్దంటాను. సంకేతాల తేడా వేరు, వర్ణక్రమం తేడా వేరు. మొదటిది యంత్రం పుట్టించింది, రెండోది మనిషి రాసింది. కేటలాగరుకు కొన్నిసార్లు ఆ రెండో తేడాయే కావాలి, ఎందుకంటే రెండు ముద్రణలను వేరుచేసేది అదే కావచ్చు. శీర్షికకు ఉన్న ప్రత్యామ్నాయ రూపాలను 246వ ఫీల్డులో చేర్చి, ఆ ఫీల్డును కూడా శీర్షిక ఇండెక్సులో కలిపితే పాఠకుడికి నష్టం ఉండదు. ఇక విరామచిహ్నాలన్నిటినీ గుడ్డిగా తీసేసే నియమం పెడితే ఏమవుతుందో కంప్యూటర్ పుస్తకాల అర దగ్గర తెలుస్తుంది: ‘సి++’, ‘సి#’, ‘సి’ మూడూ ఒకే భాషగా మారిపోతాయి. పేర్ల పోలికకు గ్రంథాలయాలు వాడే నాకో (NACO) అనే నియమాలు కూడిక గుర్తును, # గుర్తును తీసేయకుండా ఉంచుతాయి. ఇంటిపేరునూ సొంతపేరునూ విడదీసే మొదటి కామాను కూడా ఉంచుతాయి. కొత్త నియమాలు మీరే కల్పించుకోవడం కంటే అక్కడ మొదలుపెట్టడం మంచిది.

ఐఎస్‌బీఎన్ సంగతి క్లుప్తంగా. అక్కడ కచ్చితత్వమే ధర్మం, అందులో వాదం లేదు. కాని 0-306-40615-2, 9780306406157 రెండూ ఒకే పుస్తకం సంఖ్యలు. 2007 జనవరి 1 నుంచి 13 అంకెల రూపం అమల్లోకి వచ్చింది, పాత పుస్తకాల వెనక పది అంకెలే ఉన్నాయి. హైఫన్లు తీసేసి, పది అంకెలను పదమూడుగా మార్చి పోల్చాలి. పాత 020 ఫీల్డుల్లో సంఖ్య పక్కనే అట్ట రకం కూడా కుండలీకరణల్లో రాసి ఉంటుంది, దాన్ని వదిలేయాలి. ఈ పని సాఫ్ట్‌వేర్ చేయాలి కాని, పాఠకుడికి డ్రాప్‌డౌన్ చూపించి ఎంచుకోమనకూడదు.

రచయిత పెట్టెకు మాత్రం నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది: పాఠకులకు అక్కడ ‘కచ్చితంగా సరిపోలేవి’ అసలు చూపించవద్దు. రికార్డులో పేరు ఇంటిపేరుతో మొదలవుతుంది, కామా వస్తుంది, పొడి అక్షరాలో పూర్తి పేరో వస్తుంది, తర్వాత వేరే సబ్‌ఫీల్డులో పుట్టిన సంవత్సరం రావచ్చు. ఇవన్నీ తెలిసి ఉన్నదున్నట్టు టైపు చేయగలిగేది ఆ రికార్డు రాసినవాడు ఒక్కడే. అక్కడ పాఠకుడికి కావలసింది అథారిటీ రికార్డులతో (ఒక పేరుకు స్థిరపరచిన రూపాన్నీ మిగతా రూపాలనూ కలిపి ఉంచే రికార్డులతో) నడిచే పేర్ల జాబితా. తాను టైపు చేసిన రూపం నుంచి స్థిరపరచిన రూపానికి ‘చూడుము’ అని దారి చూపించేది. విషయ శీర్షికలకు కథ కొంచెం వేరు. ‘వ్యవసాయం’ అనే శీర్షికకు ‘చరిత్ర’, ‘గణాంకాలు’ వంటి ఉపవిభాగాలు చేరుతాయి. పూర్తి ఫీల్డుతో పోల్చితే ఉపవిభాగాలున్నవన్నీ పోతాయి, పూర్తి సబ్‌ఫీల్డుతో పోల్చితే నిలుస్తాయి. రికార్డు పేజీలో విషయ శీర్షిక మీద నొక్కినప్పుడు జరిగేది కూడా ఒక కచ్చితమైన వెతుకులాటే, కాకపోతే పాఠకుడు టైపు చేయనక్కర్లేదు. కోహాలో దీన్ని పూర్తి సబ్‌ఫీల్డుకే పరిమితం చేసే సెట్టింగు ఒకటి ఉంది, పేరు ‘ట్రేస్ కంప్లీట్ సబ్‌ఫీల్డ్స్’. చాలామంది దాన్ని ఆన్ చేయాలో వద్దో తెలియక వదిలేస్తారు. ఆన్ చేసి పది శీర్షికల మీద నొక్కి చూడండి, ఫలితాల సంఖ్య ఎలా మారుతుందో మీకే కనిపిస్తుంది.

ఇక తెర మీద మాటలు. ‘ఈ పదబంధం ఉన్నవి’కీ ‘కచ్చితంగా సరిపోలేవి’కీ తేడా మీ కౌంటర్లో ఎంతమంది చెప్పగలరో ఒకసారి అడగండి. వెబ్‌లో కొటేషన్ గుర్తులు వాడడం అలవాటైనవారికి ‘కచ్చితంగా’ అంటే ‘ఈ వరుసలో ఈ పదాలు’ అని, అంటే మీ రెండో ఎంపిక. దానికి తోడు, కొన్ని వ్యవస్థల్లో పదబంధం వెతికేటప్పుడు కూడా పదాల ప్రత్యయాలను కత్తిరించి మూలరూపంతో పోలుస్తారు, కాబట్టి ఆ పదబంధం కూడా అక్షరాలా అదే కాకపోవచ్చు. నేను సూచించే మాటలు ఇవి: ‘పదాలు ఎక్కడున్నా’, ‘ఈ వరుసలోనే’, ‘శీర్షిక మొదట్లో’, ‘శీర్షిక మొత్తం ఇదే’. నాలుగో పేరులో ‘కచ్చితంగా’ అనే మాట లేదని గమనించండి. ఆ మాట నాణ్యతకు హామీలా వినబడుతుంది. జాగ్రత్తగా వెతికే పాఠకుడు, తన శ్రద్ధ కొద్దీ, సరిగ్గా దాన్నే ఎంచుకుని దెబ్బతింటాడు. ‘శీర్షిక మొత్తం ఇదే’ అంటే, ‘మొత్తం నాకు తెలుసా?’ అని అతను తనను తాను ప్రశ్నించుకుంటాడు. ఆ పెట్టె కిందనే, ఎంపిక మారినప్పుడు కనబడేలా, ‘ఉపశీర్షిక రాయనక్కర్లేదు’ అని ఒక వాక్యం పెట్టండి; అయితే ఇండెక్సును ‘ఎ’ సబ్‌ఫీల్డు స్థాయిలో కూడా తయారుచేశాకే ఆ వాక్యం నిజమవుతుంది. డ్రాప్‌డౌన్ పెట్టె పక్కన మార్చిన ఎంపిక తర్వాతి వెతుకులాటకు కూడా అలాగే అంటిపెట్టుకుని ఉంటుందా అని కూడా చూడండి. ఒకసారి మార్చి మరిచిపోయినవారికి తర్వాతి ఐదు వెతుకులాటలూ ఖాళీగా రావడం నేను చూశాను.

ఖాళీ ఫలితాల పేజీ విషయంలో పాఠకులకూ సిబ్బందికీ ఒకే నియమం పెట్టకండి. పాఠకుడికి ‘మొత్తం శీర్షిక ఇదే అయినవి లేవు, ఈ మాటలు శీర్షికలో ఉన్నవి 14 ఉన్నాయి’ అని చెప్పి, ఆ పద్నాలుగింటికి ఒక లింకు ఇవ్వాలి. చెప్పకుండా తనంతట తానే వెతుకులాటను సడలించి చూపించడం నాకు నచ్చదు, ఎందుకంటే అప్పుడు వచ్చిన ఫలితాలు దేనికి వచ్చాయో పాఠకుడికి అర్థం కాదు. సిబ్బంది తెరలో అయితే సడలింపే ఉండకూడదు. కేటలాగరు కొత్త పుస్తకానికి రికార్డు రాసే ముందు, ఇదివరకే ఉందా అని చూసేటప్పుడు ‘లేదు’ అన్న జవాబే ఆ పనికి ఆధారం. ఆ జవాబు నమ్మదగినది కాకపోతే నకలు రికార్డులు పుడతాయి, ఒకే పుస్తకం ప్రతులు రెండు రికార్డుల కింద చీలిపోతాయి, రిజర్వు చేసుకున్న పాఠకుడు ఒక వరుసలో ఎదురుచూస్తుంటే రెండో రికార్డు ప్రతి అరలో ఖాళీగా కూర్చుంటుంది. మీ కేటలాగింగ్ సహోద్యోగులు పట్టుబడుతున్నది దీనికోసమే, వారి మాట వినండి.

పాఠకుల వైపు అసలైన పరిష్కారం మరొకటి ఉంది. 1869లో మొదలైన ‘నేచర్’ పత్రికను ఏ పెద్ద కేటలాగులోనైనా మామూలు పెట్టెలో వెతికి చూడండి. ఆ పదం ఉన్న పుస్తకాలు వేలల్లో ఉంటాయి, పత్రిక ఏ నాలుగో పేజీలోనో దాక్కుని ఉండవచ్చు. ఒకే పదం పేరున్న పత్రికలకు, పుస్తకాలకు కచ్చితమైన వెతుకులాట ఎందుకు పుట్టిందో అక్కడ అర్థమవుతుంది. కాని అందుకోసం పాఠకుడు అడ్వాన్స్‌డ్ పేజీకి వెళ్ళి, డ్రాప్‌డౌన్ తెరిచి, సరైన వరుస ఎంచుకోవాలని ఆశించడం అత్యాశ. మామూలు పెట్టెలోనే, టైపు చేసింది శీర్షిక మొత్తంతో సమానమైతే ఆ రికార్డుకు ఎక్కువ భారం ఇచ్చి పైకి తెచ్చే ఏర్పాటు వెతికే ఇంజిన్లయిన సోలర్‌లోనూ, ఎలాస్టిక్‌సెర్చ్‌లోనూ ఉంది. అది సరిగ్గా అమర్చిన చోట నాలుగో ఎంపికను పాఠకులు దాదాపు మరిచిపోతారు, మరిచిపోవడమే మంచిది. అలాగే ‘శీర్షిక మొదట్లో’ అన్న ఎంపికను ఫలితాల జాబితాగా కాక, అక్షరక్రమంలో ముందువెనకల శీర్షికలు కూడా కనబడే జాబితాగా చూపిస్తే, ఒక అక్షరం తప్పు రాసినవాడు కూడా పక్కనే ఉన్న సరైన దాన్ని చూసి పట్టుకుంటాడు. పాత కార్డుల సొరుగులో వేలు పెట్టి ముందుకూ వెనక్కూ తిప్పిన సౌకర్యం అదే, తెర మీద దాన్ని ఎందుకో చాలామంది వదిలేశారు.

ఈ మార్పులు మొదలుపెట్టే ముందు, మీ కేటలాగులోంచి ఇరవై రికార్డులు చేత్తో ఏరండి: ఉపశీర్షిక ఉన్నవి, ఉపపదంతో మొదలయ్యేవి, పదం చివర పొల్లు ఉన్నవి, ఐత్వం ఉన్నవి, కూడిక గుర్తు ఉన్నది ఒకటి, ఒకే పదం శీర్షికగా ఉన్నవి రెండు మూడు. ప్రతిదాన్నీ అట్ట చూసి పాఠకుడు టైపు చేసేలా టైపు చేసి, నాలుగు ఎంపికలతోనూ వచ్చిన ఫలితాల సంఖ్యను కాగితం మీద రాసుకోండి. ఇండెక్సు నియమాలు మార్చి, రికార్డులన్నీ మళ్ళీ ఇండెక్సు అయ్యాక అదే కాగితం తీసి మళ్ళీ వెతకండి. సర్వర్ లాగ్‌లో నాలుగో ఎంపికతో వచ్చి ఖాళీగా వెళ్ళిన వెతుకులాటలను కూడా ఒక నెలవి తీసి చూడండి. వాటిలో ఎన్ని పుస్తకాలు నిజంగా మీ దగ్గర లేవో, ఎన్ని ఉండి కూడా దొరకలేదో లెక్కపెడితే, తీసేయాలనే సహోద్యోగులకు మీరు చూపించవలసింది ఆ రెండో అంకె. చివరగా ఒక హెచ్చరిక: ఎంపికల పేర్లు మాత్రమే మార్చండి, లింకుల్లో కనబడే వాటి లోపలి సంకేతాలను మార్చకండి. పాఠకులు దాచుకున్న వెతుకులాటలు, పాఠ్యాంశాల పేజీల్లో ఉపాధ్యాయులు పెట్టిన లింకులు ఆ సంకేతాలతోనే నడుస్తుంటాయి.